ఆ మధ్యాహ్నం మా వదిన నోట వచ్చిన మాట

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. దేవుణ్ణి నమ్మినవాళ్ళకి ఆ భయాలు ఉండకూడదనేవాడు. నాకు దేవుడి మీద అంత పట్టింపు లేదు కానీ దయ్యాల విషయంలో మాత్రం నాన్న పోలికే వచ్చింది. టీచరుగా చేరాక, దయ్యం పట్టడమంటే మనసుకి వచ్చే జబ్బేనని పిల్లలకి చెప్పేదాన్ని. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. పోయినవాళ్ళు తిరిగొస్తారంటే నమ్మను.

అయినా ఈ సంగతి రాస్తున్నాను. దీన్ని ఇప్పటికే చాలామంది చెప్పారు. చెప్పిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి కలిపారు, ఏదో ఒకటి తీసేశారు. తీసేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇది ఎనభైల మొదట్లో జరిగింది. అప్పుడు మేం నడికుడికి దగ్గర్లో ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నేను ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. అమ్మానాన్నా అప్పటికే లేరు. నాకు పెళ్ళి కాలేదు. మా అన్న ఆనందరావు, వదిన సుగుణ దగ్గరే ఉండేదాన్ని.

అన్న సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. రాతికి బెజ్జాలు వేసి, వాటిలో మందు కూరి, పేల్చిన తర్వాత గుంటలోకి దిగి రాయి ఎట్లా విడిందో చూసి రావడం అతని పని. నెమ్మది మనిషి. ఎవరేం చెప్పినా సరే అనడమే తప్ప ఎదురు మాట్లాడడం చేతకాదు. ఆ నెమ్మదితనం చూసి నాకు ఒళ్ళు మండేది.

వదినది కృష్ణకి అవతల, మిర్యాలగూడ వైపు పల్లె. మాట్లాడేది తక్కువ. మాట్లాడితే వాళ్ళ యాసే. మా ఊరు వచ్చి ఏళ్ళయినా 'రాలే', 'పోలే' అనడం మానలేదు. అన్న వెక్కిరిస్తే నవ్వి ఊరుకునేది. వాళ్ళకి పిల్లలు కలగలేదు.

అవి ఒంటిపూట బళ్ళ రోజులు. నేను బడి నుంచి వచ్చి అన్నం తిని, వసారాలో మంచం మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. వదిన గడప దగ్గర కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. క్వారీ ఊరికి కాస్త దూరమే అయినా పేల్చినప్పుడు చప్పుళ్ళు వినపడతాయి. ఆరోజూ వరసగా వినపడ్డాయి. రోజూ ఉండేదే కాబట్టి పట్టించుకోలేదు.

చప్పుళ్ళు ఆగిన కాసేపటికి వదిన చేట మీద చెయ్యి ఆపేసింది. తల ఎత్తలేదు. నాతో కాదు, ఎదురుగా ఎవరో నిలబడి ఉన్నట్టు మాట్లాడింది.

"పొగ ఆరలా మేస్త్రీ. ఒకటి పేలలా. నేను దిగను. నాకేమన్నా అయితే నా బిడ్డకి తల్లి కూడా లేదు."

అంతే. గొంతు ఆమెదే. సినిమాల్లో చూపించినట్టు మగ గొంతు రాలేదు. కళ్ళు తేలెయ్యలేదు, జుట్టు విరబోసుకోలేదు. కానీ మాటతీరు ఆమెది కాదు. 'ఆరలా', 'పేలలా' అంది. అవి మా పల్నాడు వాళ్ళ మాటలు. ఆమె నోటి వెంట అట్లాంటి మాట అంతకు ముందు నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"ఏంది వదినా?" అన్నాను. ఆమె మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఎండకి తల తిరిగిందేమో, మంచినీళ్ళు ఇద్దామని లేచాను. బిందె దగ్గరికి వెళ్ళేలోపల క్వారీ వైపు నుంచి ఒక్క చప్పుడు వచ్చింది. మిగతా వాటికి విడిగా, ఒంటరిగా. ఆ చప్పుడికి వదిన ఉలిక్కిపడింది. చేట ఒరిగి బియ్యం గడప మీద పడ్డాయి.

ముందు మాట, తర్వాత చప్పుడు. కోర్టులో ఎన్నిసార్లు తిప్పి అడిగినా ఇదే చెప్పాను. ఇప్పుడూ ఇదే చెబుతున్నాను.

పొద్దు వాలేలోపే అన్నని లారీలో తీసుకొచ్చారు. మొహం చూడొద్దన్నారు. నేను చూశాను. వదినని మాత్రం చూడనివ్వలేదు.

లారీతో పాటు కోటయ్య మేస్త్రి వచ్చాడు. గుంటలో ఎవరు ఎప్పుడు దిగాలో చెప్పేది అతనే. నా మొహం చూడకుండా చెప్పాడు. ఇక దిగొచ్చని విజిల్ ఊదకముందే ఆనందరావు తొందరపడి తనంతట తానే దిగాడట. పేలని తూటా ఒకటి ఉండిపోయిందట, అది అప్పుడు పేలిందట. మర్నాటికి ఆ కథలో సారా చేరింది. తాగి దిగాడన్నారు. మా అన్నకి తాగుడు అలవాటు లేదు. ఆ ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఎవరూ కాదనలేదు. సగం ఊరు ఆ క్వారీ మీదే బతుకుతోంది.

సమాధి కార్యక్రమం అయ్యాక వదినని అడిగాను, ఆ మధ్యాహ్నం నువ్వేమన్నావో గుర్తుందా అని. "గుర్తు లేదు" అంది. ఇంకోసారి అడిగితే లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం అంతా తేలిపోయినట్టే అనిపించింది. అన్న దిగనన్నాడు. మేస్త్రి బలవంతాన దింపాడు. అది ఎట్లాగో వదిన నోటి వెంట వచ్చింది. ఎట్లా వచ్చిందన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు న్యాయం జరగాలి అనుకున్నాను. జీవితంలో ఒక్కసారైనా అన్న ఎదురు తిరిగాడన్న తృప్తి కూడా లోపల ఉంది. అది దాచను.

గురజాలలో ఒక ప్లీడరుని పెట్టుకుని క్వారీ ఓనరు మీద కేసు వేశాను. గుంట దగ్గర ఉన్నది మేస్త్రి, గురవయ్య అని ఇంకో పనివాడు. మేస్త్రి ఓనరు మనిషి. గురవయ్యది బెల్లంకొండ వైపు ఊరు, క్వారీ పాకల్లో ఉండేవాడు, నాకు మొహం తప్ప ఏమీ తెలియదు. అతన్ని అడిగితే నేను గుంట దగ్గర లేను, లారీ చాటున పడుకున్నాను, ఏమీ చూళ్ళేదన్నాడు. మాకు మిగిలిన సాక్ష్యం నేను విన్న మాటే.

ప్లీడరుగారికి అది కోర్టులో నిలుస్తుందన్న ఆశ లేదు. నా పోరు పడలేక చెప్పించుకున్నాడు. అంతా విని ఒక చోట ఆపాడు.

"మీ అన్నగారికి పిల్లలున్నారా?"

"లేరండీ."

"మరి నా బిడ్డకి తల్లి లేదంటాడేందమ్మా? భార్య నిక్షేపంలా ఉంది కదా."

"అదే నాకూ అర్థం కాలేదండీ."

"అయితే ఆ ముక్క వదిలెయ్యండి. మిగతాదంతా అతికినట్టుంది. అది ఉంటే మొత్తం పిచ్చిమాటల కింద పోద్ది."

సబబే అనిపించింది. ఆ ఒక్క వాక్యం తీసేశాను. తీసేశాక నిజంగానే అంతా అతికినట్టు ఉంది. ఎవరితోనూ మళ్ళీ దాని ఊసెత్తలేదు.

ఈలోగా సంగతి ఊరు దాటింది. చచ్చిపోయిన మొగుడు పెళ్ళాం మీదికొచ్చి మాట్లాడాడని చెప్పుకున్నారు. మాచర్ల నుంచి, దాచేపల్లి నుంచి ఆడవాళ్ళు వదినని చూడడానికి వచ్చేవాళ్ళు. పోయిన తమ వాళ్ళ గురించి అడిగేవాళ్ళు. మొదట్లో ఆమె తలుపు వేసుకునేది. తర్వాత వేసుకోవడం మానేసింది.

ఒక ఆదివారం చర్చిలో, ప్రార్థన మధ్యలో లేచి సాక్ష్యం చెప్పింది. అంత తక్కువ మాట్లాడే మనిషి, అంతమందిలో. ఆ మధ్యాహ్నం భర్త గడప దగ్గరికి వచ్చాడంది. తెల్లటి బట్టల్లో ఉన్నాడంది. ప్రభువు దగ్గరికి పోతున్నా, నా కోసం ఏడవొద్దు, ఎవరినీ ఏమీ అనొద్దు అన్నాడంది. జనం ఏడ్చారు. నేను బెంచీ మీద కూర్చుని నా చెవులతో విన్నాను. ఆ మధ్యాహ్నం ఆ గడప దగ్గర నేనూ ఉన్నాను. ఎవరూ రాలేదు.

ఇంటికి వచ్చి గట్టిగానే అడిగాను. "ఎందుకు వదినా లేనిది చెప్పావు?" ఆమె లేచి వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది. 

ఆ తర్వాత కొద్దిరోజులకే క్వారీలో పనివాళ్ళకి తాగడానికి నీళ్ళు పోసే పని ఆమెకిచ్చారు. ఓనరు జాలిపడి ఇచ్చాడని ఊరంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఆయన ఆ సాక్ష్యాన్ని కొనుక్కున్నట్టే అనిపించింది.

కోర్టులో నేను చెప్పాల్సింది చెప్పాను. ఓనరు తరపు ప్లీడరు మర్యాదగానే అడిగాడు.

"టీచరుగారూ, మీరు క్వారీలో ఉన్నారా?"

"లేనండీ."

"మీ వదినగారు?"

"లేరండీ."

"మీ వదినగారు ప్రార్థనలో ఏం చెప్పారో తెలుసా? ఎవరినీ ఏమీ అనొద్దని ఆయన చెప్పినట్టు చెప్పారు. ఒకే మనిషి, ఒకే మధ్యాహ్నం, రెండు రకాలుగా చెప్పి పోయాడా?"

హాల్లో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు, కానీ రాసుకోవడం ఆపేశారు. దాంతో నాకు అర్థమైంది. మేస్త్రి తను దిగమని చెప్పలేదన్నాడు. గురవయ్య నేల చూస్తూ, తను అక్కడ లేనన్నాడు. అన్న అజాగ్రత్త వల్లే చావు అని కేసు కొట్టేశారు.

ఒక మనిషిని చంపిన తప్పు, దయ్యం కథ అయిపోయింది. దయ్యం కథలో ఎవరి మీదా కేసు ఉండదు. అప్పటి నుంచి ఎవరైనా ఇట్లాంటి కథలు సరదాగా చెబుతుంటే నేను అక్కడ కూర్చోలేను.

వదినకీ నాకూ మాటలు తగ్గిపోయాయి. ఏడాది తిరక్కుండానే ఆమె క్వారీ పని మానేసి పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను బదిలీ పెట్టించుకుని నరసరావుపేట దగ్గరికి వెళ్ళాను.

కొన్నేళ్ళ తర్వాత ఏదో పని మీద వచ్చి, నడికుడి స్టేషన్లో గుంటూరు బండి కోసం కూర్చున్నాను. పొద్దుటి పూట. ఎవరో దగ్గుతూ వచ్చి బెంచీ చివర కూర్చున్నారు. కోటయ్య మేస్త్రి. సగానికి సగం అయిపోయాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందట, గుంటూరు పెద్దాసుపత్రికి పోతున్నాడట. ఓనరు ఎప్పుడో పనిలోంచి తీసేశాడట.

లేచి వేరే చోటికి వెళ్ళబోయాను. "కూర్చో టీచరమ్మా" అన్నాడు. "ఒక మాట చెప్పి పోతా. నేను కోర్టులో చెప్పింది అబద్ధమే. లారీలు ఆగి ఉన్నయ్, ఓనరు అరుస్తన్నాడు. దిగమన్నది నేనే. కానీ నువ్వు చెప్పింది కూడా నిజం కాదమ్మా."

ఏంది నిజం కానిది అన్నాను.

"మీ అన్న దిగనన్లేదు. పొగ ఆరలేదనీ అన్లేదు. ముందు గురవయ్యని దిగమన్నా. వాడు కడుపునొప్పని పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మీ అన్నని చూశా. సరే అన్నాడు. తలగుడ్డ చుట్టుకుని దిగాడు. ఇంకో మాట లేదు. నువ్వు కోర్టులో ఆ మాటలు చెప్తావుంటే నాకు ఒళ్ళు జలదరించింది. గుంట దగ్గర ఆ మాటలు ఎవరూ అన్లా."

ఇంత చేసినవాడు ఇప్పుడు కూడా అన్న చేత ఆ ఒక్క మాట అననివ్వడం లేదని మండిపడ్డాను. చావబోయే ముందు కూడా అబద్ధమేనా అన్నాను.  బండి వచ్చింది. అతను వేరే పెట్టెలో ఎక్కాడు.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సరే అన్నాడట. అది మా అన్న మాటే. పుట్టినప్పటి నుంచి నేను విన్నది ఆ మాటే.

గురవయ్య చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో చేస్తున్నాడని తెలిసి ఒక సెలవు రోజు వెళ్ళాను. మిల్లు గేటు ముందు టీ కొట్టు దగ్గర దొరికాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. పారిపోతాడనుకున్నాను. ఇద్దరికీ టీ చెప్పాడు.

మేస్త్రి చెప్పింది చెప్పాను. తల ఊపాడు. "కడుపునొప్పి లేదు టీచరమ్మా" అన్నాడు. "ఒకటి పేలలేదని నాకు తెల్సు. నేను లెక్క పెట్టుకున్నా. నోటిదాకా వచ్చింది. పొగ ఆరలా, ఒకటి పేలలా, నేను దిగను అని. పైకి అనలా. అంటే పని పోద్దని. కడుపునొప్పన్నా."

 ఈ మాటలు కోర్టులో నా నోటి నుంచి అతను విన్నవే. పల్నాడంతా విన్నవే. విన్న మాటల్ని తనవనుకుని ఉండొచ్చు. మనుషులు అట్లా అనుకుంటారు, ఆ పాటికి ఆ సంగతి నాకు బాగా తెలిసింది.

అతను టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మా ఆడమనిషి అంతకు ముందు ఏడే కాన్పులో పోయింది. పిల్ల మా అమ్మ దగ్గర ఉండేది. నాకేమన్నా అయితే దానికి తల్లి కూడా లేదే అనుకున్నా. అదే అనుకున్నా చివరికి. నేను పైకి అని ఉంటే మీ అన్న కూడా దిగేవాడు కాదు. నేను అన్లేదు కాబట్టి ఆయనకి తెలీలా."

ఆ వాక్యం నేను కోర్టులో చెప్పలేదు. వదిన గుర్తే లేదంది, నేను ప్లీడరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ప్లీడరు కేసు పోయిన మరుసటి ఏడే చనిపోయాడు. గురవయ్యకి అది చేరే దారి నాకు కనపడలేదు. మా ప్లీడరు ఏమన్నా చెప్పాడా అని అడిగాను. మీ ప్లీడరుతో నేనెప్పుడూ మాట్లాడలేదన్నాడు.

అప్పుడు చెప్పాను, ఆ ముక్క కూడా ఆరోజు మా వదిన అన్నదని, కుదరదని మేం తీసేశామని. అతను ముందు నమ్మలేదు. తర్వాత లేచి టీ డబ్బులు ఇచ్చి వచ్చి కూర్చున్నాడు. "కోర్టులో నా మొహాన ఆ మాట అని ఉంటే నేను నిలబడలేకపోయేవాణ్ణి టీచరమ్మా" అన్నాడు. నా మీద తప్పు పెట్టాలని అనలేదు. ఊరికే అన్నాడు.

సంక్రాంతి సెలవుల దాకా కూడా ఆగకుండా, సెలవు పెట్టి కృష్ణ దాటి వదిన దగ్గరికి వెళ్ళాను. మిరపతోటలో కూలికి పోయి అప్పుడే వచ్చింది. కాళ్ళు కడుక్కుని నా పక్కన అరుగు మీద కూర్చుంది. జుట్టు నెరిసింది. మేస్త్రి చెప్పింది, గురవయ్య చెప్పింది ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆయన సరే అని దిగాడట వదినా అన్నాను. 

ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఆయన దిగే మనిషే" అంది. "దిగనన్నడని నువ్వే చెప్పినవ్ కమలా. నేను ఎన్నడూ అనలే."

"నీకు గుర్తు లేదన్నావు కదా."

"గుర్తు లేదని చెప్పిన. గుర్తు లేకుండ ఎట్లుంటది? నా నోట్లకెళ్ళి వచ్చిన మాటలు. ఆ మాటలు ఆయనవి కావని నాకు అప్పుడే తెల్సు. తల్లి లేని బిడ్డ ఎవరికుంది మా ఇంట్ల?"

మరి ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. తెల్ల బట్టలూ, ప్రభువూ, ఎవరినీ ఏమీ అనొద్దనడం, అదంతా ఎందుకు కల్పించావన్నాను. ఇన్నేళ్ళ కోపం ఉన్నా, అడిగేటప్పుడు అది గొంతులోకి రాలేదు.

ఆమె కొంగుతో పాదాలు తుడుచుకుంటూ కూర్చుంది. చీకటి పడుతోంది, ఇక బయల్దేరమంటుందనుకున్నాను.

"నా మొగడు చచ్చిపొయ్యే ముందు నా దగ్గరికి రాలే" అంది. "ఎవడో పరాయోడి భయం వచ్చింది. ఊరంత వచ్చి అడుగుతుండ్రు, మీ ఆయన ఏమన్నడు, ఏమన్నడు అని. ఏమీ అనలే, రాలే అని ఎట్ల చెప్పాలె? అందుకని వచ్చిండని చెప్పిన. చెప్పంగ చెప్పంగ కొన్నొద్దులు నాక్కూడ వచ్చిండనే అనిపించింది. అట్ల అనుకుంటే మంచిగ ఉండె."

  అన్నం పెట్టింది, తిన్నాను. బస్సు దాకా వచ్చి ఎక్కించింది.

ఎవరో గుంట ఒడ్డున కూర్చుని మనసులో అనుకుని మింగేసిన మాట, అంత దూరంలో బియ్యం ఏరుకుంటున్న ఆడమనిషి నోటికి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. వచ్చేదేదో అతని పక్కనే నిలబడ్డ మా అన్న చెవిలో ఎందుకు పడలేదో అంతకన్నా తెలియదు. గురవయ్య అబద్ధమాడి ఉండొచ్చు, వదిన మళ్ళీ ఏదో కల్పించి ఉండొచ్చు, నేను విన్నది ఇన్నేళ్ళలో నాలోనే మారిపోయి ఉండొచ్చు. ముగ్గురిలో ఎవరి మాట మీదా ఒట్టు పెట్టలేను.

అన్న సరే అన్నాడన్నది మాత్రం నమ్ముతున్నాను. అది చెప్పింది అతన్ని చంపినవాడు.